తారీఖు లేని పొట్లం

రేపల్లె శాఖా గ్రంథాలయంలో నేను పనిచేసిన రోజుల్లో పిల్లలు నాకు ‘ఉష్ అమ్మగారు’ అని పేరు పెట్టారు. నా ఎదురుగా అనేవాళ్ళు కాదు లెండి, గేటు దాటాక అనేవాళ్ళు. అన్నందుకు నాకేం బాధ లేదు. గట్టిగా దగ్గినవాళ్ళను కూడా కళ్ళజోడు మీదనుంచి చూసే మనిషిని, మరింకేమంటారు?

ఇప్పుడు లైబ్రరీ ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. “మేడమ్, మీ సర్వీసులో మీకు బాగా గుర్తుండిపోయిన పని ఏంటండి?” అని అడుగుతారు. ఏ పుస్తక ప్రదర్శన గురించో, ఏ మంత్రిగారి రాక గురించో చెబుతానని ఎదురుచూస్తారు పాపం. నేను బజ్జీల పొట్లం గురించి చెబుతాను. వాళ్ళు మర్యాదకు తల ఊపి కాఫీ తాగి వెళ్ళిపోతారు. అందుకని ఈసారి తీరిగ్గా రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయను. వాళ్ళ పిల్లలూ మనవలూ ఆ చుట్టుపక్కలే ఉన్నారు.

మొదట నేను తెనాలిలో పనిచేశాను. అక్కణ్ణించి రేపల్లె వేశారు. తెనాలి నుంచి బయల్దేరిన రైలుకు రేపల్లె దాటితే పోవడానికి దారి లేదు, నాకూ అలాగే ఉండేది ఆ ఉద్యోగం. రెండు గదులు, నాలుగు బీరువాలు, రెండు దినపత్రికలు, ఒక అటెండరు. అటెండరు నాకంటే చాలా పెద్దవాడు. లైబ్రరీ ఆయనది, నేను బదిలీ మీద వచ్చిపోయే చుట్టాన్ని అన్నట్టుండేవాడు.

అక్కడో పద్ధతి ఉండేది. పొద్దున పేపరు రాగానే అటెండరు దాన్ని విడదీసి, ఏ కాగితానికాకాగితం బల్లల మీద పెట్టేవాడు. ఒక్క పేపరును పదిమంది చదవాలంటే అంతకంటే దారి లేదు. వడ్ల ధరల కాగితం మిల్లు గుమాస్తాల దగ్గర, సినిమాల కాగితం కుర్రాళ్ళ దగ్గర, విదేశీ వార్తల కాగితం రిటైరైన ముసలాయనల దగ్గర తిరుగుతుండేది. సాయంత్రం ఆ కాగితాలన్నీ మళ్ళీ ఒకచోటికి చేరడం మా అదృష్టం. కొన్నాళ్ళు దాచాక రూలు ప్రకారం పాత పేపర్లన్నీ తూకానికి వేసేసేవాళ్ళం. ఆ పనిలో నాకు మంచి పేరుండేది. నా లైబ్రరీలో పాత కాగితం ముక్క మిగలనిచ్చేదాన్ని కాదు. ఇన్‌స్పెక్షనుకు వచ్చినవాళ్ళు అల్మారాల వెనక కూడా చూసి మెచ్చుకునేవాళ్ళు.

అరవై ఎనిమిదిలో, వానాకాలం చివర, ఒక సాయంత్రం ఎలిమెంటరీ స్కూలు మాస్టారు ఒకాయన పిల్లల్ని వరసగా నడిపించుకుంటూ లోపలికొచ్చారు. మనిషి సన్నగా, చొక్కా జేబులో సుద్దముక్కలతో ఉండేవారు.

“అమ్మగారూ, మా అయిదో తరగతి పిల్లలకు నైజీరియా కావాలండి,” అన్నారు.

“నైజీరియా ఏంటండి?”

“దేశమండి. ఆఫ్రికాలో.”

“అది నాకు తెలుసు లెండి. అయిదో తరగతి వాళ్ళకెందుకని అడుగుతున్నాను.”

ఆయన వెనక్కి చూసి గొంతు తగ్గించారు. వరసలో చివర రెండు జడల పిల్ల ఒకతి నిలబడి ఉంది. ఆ పిల్ల నాన్న లెక్కల మాస్టారు. మూడేళ్ళ కిందట నైజీరియాలో ఒక మిషన్ స్కూల్లో ఉద్యోగం వచ్చి వెళ్ళాడు. వెళ్ళిన రెండేళ్ళకు ఆ దేశంలో అంతర్యుద్ధం మొదలైంది. తూర్పు భాగం వాళ్ళు మాది వేరే దేశమని బయాఫ్రా అని పేరు పెట్టుకున్నారు, మిగతావాళ్ళు కాదన్నారు. ఈయనున్న ఊరు ఆ తూర్పు భాగంలోనే ఉంది. ఉత్తరాలు ఆగిపోయాయి.

“క్లాసులో ఎవడో ‘మీ నాన్న ఎవరి పార్టీ?’ అన్నాడంటండి. పలకతో వాడి నెత్తి మీద ఒక్కటిచ్చింది,” అన్నారు మాస్టారు. “వాడికి బొప్పి, పలక రెండు ముక్కలు. కొట్టుకునే బదులు అసలదేంటో అందరం కలిసి తెలుసుకుందాం రమ్మని తీసుకొచ్చానండి.”

నాకు ఆ మాట నచ్చింది. కానీ ముఖం మీద చూపించలేదు. “మాట్లాడకుండా చదువుకోవాలి,” అన్నాను.

చదువుకోవడానికి ఏముంది నా మొహం! నైజీరియా మీద ఒక్క పుస్తకం లేదు. తెల్లదొరల కాలంనాటి అట్లాసు ఒకటి ఉంది. అందులో ఆ దేశం, మన దేశం ఒకే గులాబీ రంగులో ఉన్నాయి. పిల్లలు కాగితానికి కొబ్బరినూనె రాసి, దాని మీద పెట్టి పటం దించుకున్నారు. ఆ పిల్ల నాన్న ఉన్న ఊరు అట్లాసులో చిన్న చుక్క. పేరు నోరు తిరగక పిల్లలు దాన్ని ‘నాన్నగారి ఊరు’ అనేవాళ్ళు. అందరికీ నాన్నగారి ఊరే అయిపోయింది అది.

ప్రశ్నలు మాత్రం తుంపర్లు కాదు, జడివాన. “ఒకే దేశం వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు ఎందుకు చంపుకుంటారండి?” అని ఒకడు. మాస్టారు తనకు చేతనైనట్టు చెప్పారు. ఎగువ ఊళ్ళవాళ్ళు తూములు ఎత్తేస్తే, కాలువ చివర ఉన్న మనవాళ్ళు కర్రలు పట్టుకుని వెళ్ళరా, అలాంటిదే పెద్దదైతే అంతర్యుద్ధం అన్నారు.

“మరి మనోళ్ళు మర్నాడు సంతలో కలిసి టీ తాగుతారుగా సార్?” అన్నాడు వాడు.

మాస్టారు నా వంక చూశారు. నేను బీరువాలో ఏదో వెతుకుతున్నట్టు అటు తిరిగాను.

పుస్తకాలు లేవు కాబట్టి ఇక పేపర్లే దిక్కు. ఆ రోజుల్లో బయాఫ్రా కబురు వారానికి రెండుసార్లయినా పేపర్లో వచ్చేది. ఏ ఊరు పడిపోయింది, ఎక్కడ విమానాలు బాంబులు వేశాయి, ఎక్కడ పిల్లలు తిండి లేక మాడుతున్నారు, ఇవన్నీ చిన్నచిన్న ముక్కలుగా వచ్చేవి. కానీ మొదటి ఏడాది పేపర్లు కావాలంటే? అన్నీ తూకానికి వేసేశాను కదా! నా శుభ్రత నా నెత్తికే చుట్టుకుంది.

ఉపాయం అటెండరే చెప్పాడు. “మన కాగితాలన్నీ మా బావమరిది కొట్టుకే పోయాయమ్మగారూ. ఊళ్ళో సగం పొట్లాలు మన పేపర్లే. పిల్లల్ని వదలండి, ఏరుకొస్తారు.”

వదిలాం. ఆ తరవాత రేపల్లెలో ఎవరింట్లోనూ పొట్లం విప్పి కాగితం పారేసే వీలు లేకపోయింది. పిల్లలు కాపు కాసేవాళ్ళు. చింతపండు వాసనతో ఒక రాజధాని, మిరియాల ఘాటుతో ఒక ఓడరేవు, బెల్లం అంటుకుని చీమలు పట్టిన ఒక శాంతి సమావేశం, ఇలా వచ్చేది ఆ యుద్ధమంతా. ఒకడైతే స్టేషన్ దగ్గర బజ్జీల బండి వాడికి పర్మనెంటు ఖాతాదారుడయ్యాడు. వాళ్ళమ్మ అడిగితే “స్కూలు పనే” అన్నాడట.

తెచ్చిన ముక్కలన్నీ మైదా జిగురుతో పెద్ద అట్ట మీద అంటించారు. పైన పటం. పక్కన పిల్లల రాత. ‘యుద్ధం ఎందుకు వచ్చింది? ఆ దేశంలో ఒక్కో దిక్కున ఒక్కో భాషవాళ్ళు. సైన్యం వాళ్ళు గద్దె ఎక్కారు. తూర్పువాళ్ళను వేరే చోట్ల చంపారు. వాళ్ళు సొంత ఊళ్ళకు పారిపోయి మేం కలిసి ఉండం అన్నారు. ఇంకో సంగతి, ఆ నేలలో కిరసనాయిలు ఉంది.’ ఇంతకంటే సూటిగా రాసిన పెద్దవాళ్ళను నేను చూడలేదు. చదివే గదిలో గోడకు దాన్ని వేలాడదీశాం. వడ్ల ధరల కాగితం కోసం వచ్చినవాళ్ళు కూడా దాని ముందు ఆగేవాళ్ళు.

ఇక్కడ ఆ పిల్ల తల్లి సంగతి చెప్పాలి. ఆడపిల్లల బళ్ళో కుట్టు టీచరు. మాట కత్తెరలాగే ఉండేది. మేం అట్ట మొదలుపెట్టకముందే ఆగస్టులో ఒక ఆదివారం చర్చిలో పాస్టరుగారు ఒక కబురు చదివారు. ఆ దేశం నుంచి బయటికొచ్చిన మిషన్ డాక్టరు ఒకాయన, జూలై మొదట్లో ఫలానా మాస్టారిని తాను కళ్ళారా చూశానని, కాలికి కట్టు ఉంది గానీ కులాసాగా ఉన్నాడని చెప్పి పంపాడు. చర్చి అంతా స్తోత్రం చెప్పింది. ఈవిడ మాత్రం, “కట్టు ఉండక ఏముంటది? ఇక్కడున్నప్పుడు ఇంటి గుమ్మంలోనే సైకిల్ మీంచి పడేవాడు. యుద్ధంలో కూడా సైకిల్ ఎక్కాడన్నమాట మహానుభావుడు,” అందట. ఆ మాట ఊరంతా చెప్పుకుని నవ్వుకున్నారు. ఆవిడకు అందిన ఆఖరు కబురు అదే.

దసరా సెలవులయ్యాక ఒక సాయంత్రం బజ్జీల ఖాతాదారుడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో నూనె కారుతున్న కాగితం ముక్క. “నాన్నగారి ఊరు దొరికిందండీ!” నేను ఉష్ అనేలోపలే పిల్లలందరూ మూగారు. నిజంగానే ఆ ఊరి పేరు అందులో ఉంది. విమానాలు దాడి చేశాయనీ, మిషన్ పాఠశాల దెబ్బతిన్నదనీ ఉంది. చివరి వరస ‘ఇద్దరు విదేశీ ఉపాధ్యాయులు’ అని ఆగిపోయింది. దాని కింద కాగితం చిరిగిపోయింది. రెండు జడల పిల్ల ఆ రోజు జ్వరమొచ్చి రాలేదు.

వాళ్ళ నాన్నగారి ఊరు దొరికిన సంబరంలో పిల్లలు వెంటనే జిగురు రాసి అంటించేశారు. ఎక్కడ? వరసలో అన్నిటికంటే చివర. దొరికిన వరసలో అంటించుకుంటూ పోయారు కదా! చూసేవాళ్ళకు మాత్రం చివర ఉన్నది ఇవాళో నిన్నో జరిగినట్టే ఉంటుంది. మాస్టారికి తోచలేదు, నాకు తోచలేదు, అటెండరుకు అసలు తోచే ప్రశ్నే లేదు. మర్నాడు పొద్దున పేపరు కోసం వచ్చిన ముసలాయనలు దాన్ని చదివారు. ‘ఉపాధ్యాయులు’ తరవాత రావలసిన మాటను తలా ఒకటి పూరించుకున్నారు. అందరికీ ఒకే మాట తట్టింది.

మధ్యాహ్నానికి కుట్టు టీచరింట్లో ఆడవాళ్ళు చాపల మీద కూర్చున్నారు. అత్తగారు శోకాలు తీస్తోంది. సాయంత్రం ఆవిడ కూతురి చెయ్యి పట్టుకుని లైబ్రరీకి వచ్చింది. గదిలో బల్లలన్నీ నిండి ఉన్నాయి. ఒక్కరూ కాగితం తిప్పలేదు. అన్నాళ్ళూ నేను కోరుకున్న నిశ్శబ్దం ఆ పూట వచ్చింది, వచ్చినందుకు నాకు భయమేసింది.

ఆవిడ అట్ట ముందు నిలబడి చివరి ముక్క చదివింది. మళ్ళీ చదివింది. నా వైపు తిరిగింది.

“ఇది ఎప్పటిదండి?”

ఎంత మామూలు ప్రశ్న! లైబ్రరీలో పనిచేసేదాన్ని, పుస్తకం చేతికొస్తే ఎప్పుడు అచ్చయిందో ముందు చూడమని శిక్షణ పొందినదాన్ని. తారీఖు కాగితం పై అంచున ఉంటుంది. పై అంచు ఏ బజ్జీల కింద నలిగిపోయిందో.

“తెలియదమ్మా,” అన్నాను.

“తెలియకుండానే అంటించారా? మా బావగారు తెల్లచీర కొనుక్కొచ్చి పెట్టారు. ఆదివారం చర్చిలో జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టిస్తారంట. ఇది జూలైకి ముందుదో వెనకదో చెప్పండి నాకు. అంతకంటే ఏమొద్దు.”

అప్పటికి గాని మాకు వెలగలేదు. జూలైలో డాక్టరు ఆయన్ను బతికుండగా చూశాడు. దాడి జూలైకి ముందు జరిగి ఉంటే ఆయన దాన్ని దాటి బతికినట్టే. తరవాత అయితే ఇక దేవుడికే తెలియాలి.

తల్లి చెయ్యి వదిలించుకుని ఆ పిల్ల అట్ట దగ్గరికి వెళ్ళింది. ముక్క అంచును గోటితో లేపి చూసింది. “వెనకాల కూడా అచ్చు ఉందండి,” అంది.

తడిగుడ్డ అద్ది అద్ది, అటెండరూ నేనూ కలిసి ఆ ముక్కను ఊడదీశాం. ప్రాణం ఉన్నదాన్ని పట్టుకున్నట్టు పట్టుకున్నాం. వెనక నూనెలో తడిసిన నాలుగు వరసలున్నాయి. మన కాలువకు నీరు వదిలారనీ, రేపల్లె ప్రాంత రైతులు హర్షం వెలిబుచ్చారనీ ఉంది.

“జూనే!” అన్నాడు ఒక రైతు బల్ల చరిచి. “కాలువలకు నీళ్ళొదిలేది జూన్లో గదండీ!”

“ఆగవయ్యా,” అన్నాడు ఇంకొకాయన. “ఆగస్టులో గండి పడలా? పూడ్చి మళ్ళీ వదల్లా? హర్షం అంటే అప్పుడే మనకు ఎక్కువ హర్షం. పైరు ఎండిపోతుంటే వదిలారు.”

అంతే, గదంతా రెండు పార్టీలైపోయింది. జూను వాళ్ళు, ఆగస్టు వాళ్ళు. గొంతులు లేచాయి. ఒకరి తాతల్ని ఒకరు ఎత్తుకునేదాకా వచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

“నోళ్ళు మూయండి!” అని అరిచాను. లైబ్రరీలో నేను అరవడం అదే మొదలు. “ఆవిడ మొగుడి ప్రాణం మీరు వోట్లేసి తేలుస్తారా?”

అసలు పేపరు చూడాలి. మాది పోయింది. శనివారం పొద్దున మొదటి బండికి మాస్టారూ నేనూ బయల్దేరాం. తల్లిని కూడా రమ్మన్నాను. “నేను రానండి. మంచయితే ఎలాగూ తెలుస్తుంది. చెడ్డయితే రైల్లో అందరి ముందూ ఏడవలేను,” అంది. పిల్లను మాత్రం పంపింది. ఆ పిల్ల ముక్కను అట్లాసు మధ్యలో పెట్టి, దారంతా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

తెనాలిలో దిగి నేను పాతికసార్లు తుడిచిన బీరువాలున్న లైబ్రరీకి వెళ్ళాం. అక్కడా రూలు ప్రకారం తూకానికి వేసేశారు. నా తరవాత వచ్చినావిడ ఎంతో గర్వంగా ఖాళీ అరలు చూపించింది. అది నేను పెట్టిన అలవాటేనని కూడా చెప్పింది. మాస్టారు పక్కకు తిరిగి దగ్గారు. తిడదామంటే నన్ను నేనే తిట్టుకోవాలి.

“బాపట్లలో ఒక కాలేజీ లైబ్రరీ ఉందండి. అక్కడ గుమాస్తాకు బద్ధకం ఎక్కువ. ఏ పనీ చెయ్యడని పై అధికారులు మొత్తుకుంటుంటారు. ఒకవేళ…” అంది ఆవిడ.

మళ్ళీ బండెక్కాం. బాపట్లలో దిగేసరికి ఎండ మాడ్చేస్తోంది. గుమాస్తా బల్ల మీద తల పెట్టుకుని నిద్రపోతున్నాడు. లేపి సంగతి చెబితే, ఆవులిస్తూ వెనక గది తాళం తీశాడు. నేలనుంచి కిటికీ దాకా పేపర్లు. ఎన్నేళ్ళవో. బూజు, ఎలుకల వాసన. ఏనాడూ అమ్మిన పాపాన పోలేదు. ఇంకో రోజయితే ఆ గది చూసి నేను ఆ మనిషి మీద పైకి రాసి పంపేదాన్ని. ఆ రోజు మాత్రం ఆయన కాళ్ళకు దండం పెట్టాలనిపించింది.

మాస్టారు ఆగస్టు కట్ట తీశారు. నేను జూను కట్ట విప్పాను. ఎవరు ముందు దొరకబుచ్చుకుంటారో అని భయపడుతూనే తిప్పుతున్నాం. పిల్ల మా ఇద్దరి మధ్యా నేల మీద కూర్చుని, మేం తిప్పిన ప్రతి కాగితం మీద తన ముక్కను పెట్టి చూస్తోంది. చదవడం లేదు. అచ్చు వరసలు కలుస్తాయేమోనని చూస్తోంది.

“ఇదిగోనండి,” అంది నా వైపు.

నా కట్ట! ముక్క వెళ్ళి పూర్తి కాగితం మీద అచ్చులో అచ్చులా కూర్చుంది. పైన జూను అని ఉంది. ఇటు తిప్పితే కాలువ, అటు తిప్పితే నాన్నగారి ఊరు. చిరిగిపోయిన వాక్యం అక్కడ నిండుగా ఉంది. ‘ఇద్దరు విదేశీ ఉపాధ్యాయులు గాయపడ్డారు.’

మాస్టారు పైకి చదివారు. తరవాత ఆయన, “కాలికి కట్టండి,” అన్నారు నెమ్మదిగా. “డాక్టరు చూసింది ఇదేనండి. ఈ దెబ్బే.”

జూన్లో గాయం. జూలైలో కట్టుతో కులాసాగా ఉన్న మనిషి. రెండూ అతికినట్టు సరిపోయాయి. మాస్టారు పైపంచెతో కళ్ళు తుడుచుకున్నారు. నేను పిల్లను దగ్గరికి తీసుకున్నాను. గుమాస్తా గుమ్మంలో నిలబడి, “చూశారా, ఇలాంటి అవసరాలు వస్తాయనే నేను అమ్మలేదు,” అన్నాడు. “అవునండి, మీ ముందుచూపే ముందుచూపు,” అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

తిరుగు ప్రయాణంలో తెనాలి స్టేషన్లో మాస్టారు గారెలు కొన్నారు. వాటిని కట్టిచ్చిన కాగితాన్ని ముగ్గురం తిప్పి చూసి నవ్వుకున్నాం. ఆ సాయంత్రమంత సంతోషం నా ఉద్యోగంలో మళ్ళీ కలగలేదు.

బండి రేపల్లెలో ఆగుతుండగానే తల్లి కనబడింది. రానన్న మనిషి ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ నడుస్తోంది. పిల్ల కిటికీలోంచి సగం బయటికి వంగి కేక పెట్టింది. “జూనే అమ్మా! జూనే!”

ప్లాట్‌ఫారం మీద జనానికి ఏమీ అర్థం కాలేదు. ఆవిడ బెంచీ మీద కూలబడింది. మేం దిగి వెళ్ళి వాక్యం మొత్తం చెప్పాం.

“అయితే సైకిల్ మీంచి పడలేదన్నమాట,” అంది. అని, అప్పుడు ఏడ్చింది. అంతమంది ముందే, పైట నోట్లో కుక్కుకుని, ఆగకుండా ఏడ్చింది.

తెల్లచీరను కుట్టు క్లాసులో పిల్లలకు చేతిరుమాళ్ళు కుట్టడం నేర్పడానికి ముక్కలు చేసేసింది. బావగారు ఆర్నెల్లు మాట్లాడలేదట.

మేం అట్టను మళ్ళీ సరిచేశాం. ముక్కను జూన్లో దాని చోట అంటించి, చిరిగిన వాక్యాన్ని కింద సిరాతో పూర్తిచేశాం. ఆ రోజునుంచి పిల్లలకు ఒకటే చెప్పాను. జిగురు ముట్టుకునే ముందు తారీఖు వెయ్యాలి. తారీఖు లేనిది గోడెక్కకూడదు. ఈ తరం వాళ్ళకు కూడా నేను చెప్పగలిగింది ఆ ఒక్కటే. మిగతావన్నీ మీకే బాగా తెలుసు.

ఏడాది తరవాత, డెబ్బై మొదట్లో యుద్ధం అయిపోయింది. ఆ ఎండాకాలం ఆయన తిరిగొచ్చాడు. ఊరు ఊరంతా స్టేషనుకు వెళ్ళింది, నేనూ వెళ్ళాను. చిక్కిపోయాడు, కాలు ఈడుస్తున్నాడు. భార్య “సామాను ఇదేనా?” అని మాత్రం అడిగి, ఉన్న ఒక్క పెట్టెనూ తానే ఎత్తుకుంది.

వారం తరవాత కూతురు ఆయన్ను లైబ్రరీకి తీసుకొచ్చింది. అప్పటికి ఏడో తరగతికి వచ్చింది. అట్టను చుట్టి బీరువా మీద దాచాను. తూకం వేసిన ప్రతిసారీ అటెండరు “ఇదో అమ్మగారూ?” అనేవాడు, నేను ఉరిమి చూసేదాన్ని. దించి బల్ల మీద పరిచాను. ఆయన వంగి అంతా చదివాడు. కిరసనాయిలు దగ్గర నవ్వాడు కూడా. నూనె మరక ముక్క దగ్గరకు వచ్చి ఆగిపోయాడు.

“ఇంతేనాండి వార్త?” అన్నాడు.

“ఇంతేనండి. బాపట్ల వెళ్ళి కాగితమంతా చూశాం.”

“పిల్లల గురించి ఏం రాయలేదా?”

నాకు వెంటనే అర్థం కాలేదు. “ఏ పిల్లలండి?”

“ఆ పూట నాది లెక్కల క్లాసండి,” అన్నాడు. “గుణకారాలు చేయిస్తున్నాను.”

మిషన్ పాఠశాల దెబ్బతిన్నదని ఎన్నిసార్లు చదివాం మేం! నేను చదివాను, పిల్లలతోనే బతుకుతున్న మాస్టారు చదివారు. బడిలో ఎవరుంటారన్నది మా ఇద్దరికీ తట్టలేదు. ఆ వాక్యం చూసి గారెలు తిన్నాం.

కూతురు నా బల్ల దగ్గరికి వచ్చి తెల్లకాగితం, కలం అడిగి తీసుకుంది. వెళ్ళి తండ్రి పక్కన కూర్చుంది. “పేర్లు చెప్పు నాన్నా, రాస్తాను.”

ఆయన చెప్పాడు. ఒక్కొక్క పేరూ అటెండెన్సు పిలిచినట్టు, గట్టిగా, ఒకటి చెప్పి ఆగి, ఇంకొకటి చెప్పాడు. చదివే గదిలో బల్లల దగ్గరున్నవాళ్ళంతా తలలెత్తి చూశారు. నేను ఎవరినీ ఉష్ అనలేదు. ఒక పేరు సగంలో ఆపేశాడు. అటెండరు చెప్పకుండానే కుండలో నీళ్ళు ముంచి తెచ్చిచ్చాడు. తాగి, మళ్ళీ చెప్పాడు.

అంతా అయ్యాక ఆ పిల్ల కాగితాన్ని నూనె ముక్క పక్కన పెట్టి చూసుకుంది. జిగురు దగ్గరికి జరుపుకుంది. నేను నేర్పిన అలవాటు, కలం మళ్ళీ తీసింది.

“తారీఖు ఏం వెయ్యను నాన్నా? ఇవాల్టిదా?”

ఆయన పక్కనున్న ముక్కకేసి చూశాడు.

“కాదమ్మా. ఆ జూనుదే వెయ్యి. వీళ్ళందరిదీ అదే.”

వేసింది.